ఒంటి మీద సంతకం ఎవరిది?

ఆశ్రమ పాఠశాలలో పనిచేసేవాళ్లకి పాఠం చెప్పడం ఒక పని, సంతకాలు పెట్టడం ఇంకో పని. నులిపురుగుల మాత్ర వేసిన రోజు ఒక కాగితం. ఏఎన్ఎం రక్త పరీక్షకి వచ్చిన రోజు ఒక కాగితం. పిల్లవాడికి జ్వరం ఎక్కువై పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడ ఇంకో కాగితం. అన్నిటి అడుగునా ఒక గీత ఉంటుంది, దాని కింద ‘తల్లిదండ్రులు లేదా సంరక్షకులు’ అని ఉంటుంది. తల్లిదండ్రులేమో వాగు అవతల గూడెంలో ఉంటారు, పోడు చేలో ఉంటారు. కనుక ఆ గీత మీద మేమే పెడతాం. ఏళ్ల తరబడి పెట్టీ పెట్టీ, ఆ గీత మాదే అనుకోవడం మొదలుపెట్టాం.

ఆ గీత మాది కాదని మాకు రెండుసార్లు తెలిసింది. మొదటిసారి మా చుట్టుపక్కల జరిగిన ఒక పెద్ద సంగతి వల్ల. రెండోసారి మా దగ్గర చదివి, బడి మానేసి, పదకొండేళ్ల తర్వాత తిరిగొచ్చిన ఒక మనిషి వల్ల. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించాలన్నదే ఈ వ్యాసం. తోటి ఉపాధ్యాయులూ, మన చదువుకున్న పిల్లలూ చదువుతారని రాస్తున్నాం.

మొదటి సంగతి చాలామందికి తెలుసు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. సుమారు 14 వేల మందికి. అందులో మన ఆశ్రమ పాఠశాలల పిల్లలు, హాస్టల్ పిల్లలు ఎంతోమంది. అది మామూలు టీకాల కార్యక్రమం కాదు, ఒక అధ్యయనంలో భాగం. ఆ మాట పిల్లలకీ తెలియదు, ఇళ్లలోనూ తెలియదు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. విచారణ జరిగితే ఎన్నో అంగీకార పత్రాల మీద వార్డెన్లూ ప్రధానోపాధ్యాయులూ సంతకాలు పెట్టినట్టు తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా తన నివేదికలో దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

టీకా మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ మా ప్రశ్న కాదు. ఆ టీకా ఇవాళ చాలా దేశాల్లో వేస్తున్నారు. మా ప్రశ్న సంతకం గురించే. అప్పటికి మేము ఉద్యోగంలో చేరి ఎన్నో ఏళ్లు కాలేదు. మా బడి ఆ మూడు మండలాల్లో లేదు. అలాంటి కాగితాల కట్ట మా బల్ల మీదికి వచ్చి ఉంటే ఏం చేసేవాళ్లం? పెట్టేవాళ్లం. సాయంత్రం స్టడీ అవర్‌లోపు అన్నీ పూర్తిచేసి పంపేవాళ్లం. అందుకే ఆ వార్డెన్లని తిట్టడానికి మాకు నోరు రాదు.

ఇక రెండో సంగతి.

మా బాలుర హాస్టల్లో ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడుండేవాడు. అప్పుడు అందరం అలాగే అనేవాళ్లం. ఇప్పుడు ‘ఆమె’ అంటాం, తనని ఆమె అనమని ఆమే చెప్పింది కనుక. చదువులో ముందుండేది, లెక్కల్లో మరీ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మిగతా పిల్లలు లేవకముందే బోరింగు దగ్గర స్నానం చేసి వచ్చేది. ఎందుకని మేమెప్పుడూ అడగలేదు. జుట్టు పెంచుకునేది. ఒకరోజు మంగలిని పిలిపించి, ఇద్దరు పెద్ద పిల్లల చేత పట్టించి, కత్తిరించాం. ‘మేము’ అంటే ఇంకెవరో కాదు, ఈ వ్యాసం రాస్తున్న మేమే. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాం. పిల్లలు ఆమెని పిలిచే పేర్లు మాకు వినపడేవి. అవి ఇక్కడ రాయం, మీకు తెలుసు. తొమ్మిదో తరగతి మధ్యలో సంక్రాంతి సెలవులకి వెళ్లి తిరిగి రాలేదు. రిజిస్టరులో ఎర్ర సిరాతో ‘డ్రాపవుట్’ అని రాశాం.

గత ఏడాది వేసవి సెలవుల ముందు వచ్చింది. చీర కట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, ఆఫీసు గది గడప దగ్గర నిలబడి, “సార్, గుర్తున్నానా?” అంది. గుర్తుంది. జుట్టు నడుం దాకా ఉంది.

ఆ రోజు ఆమె చెప్పిన సంగతుల్లో ఎక్కువ భాగం ఆసుపత్రుల గురించే. మొదట పట్నంలో ఒక గురువమ్మ ఇంట్లో చేరిందట. అన్నం అక్కడే దొరికింది, పిలుపు అక్కడే దొరికింది. ఒళ్లు మారాలంటే ఏం చేయాలని తోటివాళ్లని అడిగితే, మందుల దుకాణంలో దొరికే కుటుంబ నియంత్రణ మాత్రలు చెప్పారు. ఆడవాళ్లు రోజుకి ఒకటి వేసుకునే మాత్రని ఆమె మూడేసి నాలుగేసి మింగేది. వాంతులు, తలనొప్పి, పిక్కల్లో నొప్పి. రెండేళ్లు అలా గడిచాక ఒక తోటి మనిషి హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కి తీసుకెళ్లింది. అక్కడ డాక్టరు కుర్చీ చూపించి, “నీకేం కావాలి?” అని అడిగారట. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఆగింది. పుట్టాక ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదటిసారి అంది. మేము బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాం.

ఆ డాక్టరు మందు వెంటనే రాయలేదు. ఏ ఊరని అడిగి, ఏజెన్సీ అని తెలిశాక సికిల్‌సెల్ పరీక్ష చేయించమన్నారు. ఇది మనవాళ్లు తెలుసుకోవలసిన సంగతి కాబట్టి కాస్త ఆగి రాస్తాం. సికిల్‌సెల్ జబ్బు ఉన్నవాళ్లకి రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు మనుషుల కన్నా ఎక్కువ. ఆడ లక్షణాల కోసం వాడే ఈస్ట్రోజన్ మందు కూడా ఆ ముప్పును పెంచుతుంది. కుటుంబ నియంత్రణ మాత్రల్లో ఉండేది కూడా ఒక రకం ఈస్ట్రోజనే, అది ఎక్కువ మోతాదులో పడితే ఇంకా ప్రమాదం. ఈ రెండూ ఒకే ఒంట్లో కలిస్తే డాక్టరుకి ముందే తెలిసి ఉండాలి. మన తెగల్లో ఈ జబ్బు ఎక్కువని తెలిసే 2023 జూలైలో కేంద్రం సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. మా బడిలోనూ రక్తం తీసుకెళ్లారు. ఆమెకి పరీక్షలో ఏం వచ్చిందో ఇక్కడ రాయం. అది ఆమె ఒంటి సంగతి.

ఈ వైద్యం అంటే ఏమిటో మాకు అప్పటిదాకా సరిగ్గా తెలియదు. ‘ఆపరేషన్’ అన్న ఒక్క మాటే తెలుసు. అసలు చాలామందికి అది మొదటి మెట్టు కాదు, కొందరికి అసలు అక్కర్లేదు. హార్మోన్ల మందులు నెలల తరబడి, ఏళ్ల తరబడి మెల్లగా పనిచేస్తాయి. ఈస్ట్రోజన్ వాడితే చర్మం మెత్తబడుతుంది, రొమ్ములు వస్తాయి, గొంతు మాత్రం మారదు, మొలిచిన గడ్డం పూర్తిగా పోదు. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవాళ్లు టెస్టోస్టిరాన్ వాడితే నెలసరి ఆగుతుంది, గడ్డం వస్తుంది, గొంతు బొంగురుపోతుంది. మందు ఆపినా ఆ గొంతు వెనక్కి రాదు. బిడ్డల్ని కనే శక్తి తగ్గవచ్చు. మధ్యమధ్య రక్త పరీక్షలు చేయించుకోవాలి. ఆడా మగా అనే రెండు గడుల్లో దేనిలోనూ తమను రాసుకోని మనుషులు కొందరున్నారు, వాళ్లని నాన్‌బైనరీ అంటున్నారు. వాళ్లలో కొందరికి కొద్దిపాటి మార్పు చాలు, కొందరికి ఏ మందూ వద్దు, తమను తాముగా పిలిస్తే చాలు. ఇది పిచ్చి కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితానే మార్చింది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న కొత్త జాబితాలో దీన్ని మానసిక రోగాల అధ్యాయం నుంచి తీసేసింది.

వైద్యం దాకా చేరడమే కష్టం. మానసిక వైద్యుడు చూసి కాగితం ఇవ్వాలి. ఆ కాగితం కోసం ఒక్కోచోట నాలుగైదుసార్లు తిప్పారట. ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీ రాసే మనిషి ఆడ వరసలోకి వెళ్లమంటే, ఆ వరస మగ వరసలోకి వెళ్లమంది. ఒక డాక్టరు జలుబుకి వెళితే చీర విప్పమన్నాడు. ఒకరు, “ఇంటికి పోయి పెళ్లి చేసుకో, తగ్గిపోద్ది,” అన్నారు. శస్త్రచికిత్సకి ప్రైవేటులో లక్షలు. ప్రభుత్వాలు ఈ వైద్యం అందేలా చూడాలని 2019 చట్టం చెప్పింది. ఏడాదికి 5 లక్షల దాకా ఆరోగ్య బీమా ఇస్తామని 2022లో కేంద్రంలోని రెండు సంస్థలు ఒప్పందం రాసుకున్నాయి. పక్క రాష్ట్రం తమిళనాడులో అంతకు చాలా ముందే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేయడం మొదలైంది. మన గూడెం నుంచి చూస్తే ఇవన్నీ దూరపు కొండలే.

తలుపులు మూసుకుంటే మనుషులు ఊరుకోరు. కిటికీలు వెతుక్కుంటారు. హిజ్రా ఇళ్లలో ‘నిర్వాణం’ అనే పాత పద్ధతి ఉంది, డాక్టరు లేకుండా, మత్తుమందు లేకుండా కత్తితో కోయడం. దానికి బతికినవాళ్లున్నారు, చనిపోయినవాళ్లున్నారు. 2023 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఫార్మసీ చదివే విద్యార్థులు ఇలాంటి ఆపరేషన్ చేస్తే, చేయించుకున్న మనిషి ప్రాణం పోయింది. పేపర్లో చదివి మేమూ ‘అయ్యో, ఇదేం పాడు బుద్ధి’ అనుకున్నాం. ఆ మనిషి లాడ్జికి ఎందుకు వెళ్లవలసి వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు.

ఇప్పుడు రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టండి.

2009లో మన పిల్లల ఒంట్లోకి సూది వెళ్లింది. వాళ్లని ఎవరూ అడగలేదు. వాళ్ల తరఫున సంతకం పెట్టడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. ఒక్కరోజులో కాగితాలు నిండాయి. ఈమె దగ్గరికి వస్తే, తన ఒంటికి ఏం కావాలో తనే నోరు తెరిచి అడిగింది. అప్పుడు సంతకం పెట్టేవాళ్లు ఎవరూ దొరకలేదు. ఒకరి సంతకం కావాలంటే ఇంకొకరి సంతకం తెమ్మన్నారు. అడగనివాళ్లకి బలవంతంగా ఇచ్చిన వ్యవస్థే, అడిగినవాళ్లకి ఇవ్వడానికి పదిమంది సాక్ష్యం కోరింది. పైకి ఇవి ఎదురెదురుగా కనిపిస్తాయి. మాకు మాత్రం ఒకటే తప్పు రెండు ముఖాలతో కనిపిస్తోంది. ఆ ఒంట్లో ఉన్న మనిషికి తన ఒంటి గురించి తెలుసు అన్న నమ్మకం రెండుచోట్లా లేదు. ‘వద్దు’ అనే హక్కు గురించి మన ఆదివాసులం గట్టిగా మాట్లాడతాం. డ్యాము వద్దన్నాం, గని వద్దన్నాం, అడగకుండా వేసిన సూది వద్దన్నాం. ‘నాకు ఇది కావాలి’ అనే నోరు కూడా అదే నోరు కదా. ఆ నోటిని సగం ఒప్పుకుని సగం మూయగలమా?

ఈ మాట మా స్టాఫ్ రూములో అన్నప్పుడు వచ్చిన అభ్యంతరాలు చిన్నవి కావు. వాటిని దాటేసి పోవడం న్యాయం కాదు.

పుట్టిన ఒంటిని మార్చకూడదు, అది ప్రకృతికి విరుద్ధం అన్నారు ఒక పెద్దాయన. ఆయన మనవాడే, మాకు మామ వరస. మా అవ్వ గుర్తొచ్చింది. నుదుటి మీద, చేతుల మీద, పిక్కల మీద పచ్చబొట్లు. ‘చచ్చాక వెంట వచ్చేది ఇదొక్కటే బిడ్డా’ అనేది. ఆ పచ్చబొట్లు పుట్టుకతో రాలేదు. చెవులు కుట్టించుకోవడం పుట్టుకతో రాలేదు. ఒంటిని మనిషిగా చేసుకోవడం మనవాళ్లకి కొత్త కాదు. ఆ పెద్దాయనతో అదే అన్నాం. ఆయన ఊరుకోలేదు. “మీ అవ్వ పచ్చబొట్టు ఊరంతా ఒప్పుకున్నది, ఇది ఊరు ఒప్పుకోనిది,” అన్నారు. నిజమే. మా వాదంలోని లోపం ఆయన పట్టుకున్నారు. ఆయన మాటలోనే ఇంకోటి కూడా బయటపడింది. అభ్యంతరం ఒంటిని మార్చడం గురించి కాదు, ఊరిని అడగకుండా మార్చడం గురించి. పైగా మా అవ్వకి ఏడేళ్లప్పుడు పొడిచారట, ఏడుస్తుంటే పట్టుకుని. ఊరు ఒప్పుకుంది, అవ్వని అడగలేదు.

ఇది పట్నం రోగం, మన సంస్కృతిలో లేదు అన్నారు ఇంకొకరు. ఇక్కడ మాకు సులువైన జవాబు ఒకటి ఉంది. ‘మన తెగల్లో పూర్వం అందరినీ సమానంగా ఆదరించేవాళ్లు, బయటివాళ్లు వచ్చాకే చెడింది’ అని రాయడం. ఇలాంటి పుస్తకాల్లో అలా రాసుకోవడం మనకి ఇష్టం కూడా. మేము రాయలేం. మా గూడెంలో అలాంటి మనుషులు ఉండేవాళ్లని పెద్దలు చెబుతారు. వాళ్లని ఆదరించారని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ బిడ్డ జుట్టు పట్టుకున్న ఇద్దరు పిల్లలూ మన పిల్లలే, కత్తిరించమన్నదీ మేమే. బయటివాడు ఎవడూ లేడు ఆ గదిలో.

తర్వాత పశ్చాత్తాపపడితే? గొంతు వెనక్కి రాదు, కోసింది తిరిగి అతకదు. ఇది నిజమైన భయం. తర్వాత బాధపడినవాళ్లు తక్కువే అయినా ఉన్నారు, వాళ్ల మాట కూడా వినాలి. అయితే ఆ భయానికి మందు ఏమిటి? ముందు పూర్తిగా చెప్పడం, ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వడం, మధ్యలో ఆగినా అవమానం చేయకపోవడం. ఈ మూడూ మంచి క్లినిక్‌లో దొరుకుతాయి. లాడ్జి గదిలో దొరకవు. తలుపు ఎంత గట్టిగా మూస్తే, మనిషి అంత తొందరగా, అంత తెలియకుండా నిర్ణయం తీసుకుంటాడు.

పిల్లల సంగతి వేరుగా చూడాలి. మేము పిల్లలతో పనిచేసేవాళ్లం కనుక దీని మీద చాలా రోజులు తర్జనభర్జన పడ్డాం. పదమూడేళ్ల బిడ్డకి తన జీవితమంతా తెలుసని మేము అనం. వెనక్కి రాని వైద్యానికి ఆ వయసులో తొందరపడకూడదనే అనుకుంటాం. శస్త్రచికిత్స పెద్దయ్యాకే. తొందర వద్దు అనడానికి, నోరు మూసుకో అనడానికి మధ్య ఎంతో చోటుంది. మా దగ్గరున్న ఆ బిడ్డ ఎనిమిదో తరగతిలో ఏ మందూ అడగలేదు. జుట్టు ఉంచుకోనివ్వమంది. చాటుగా స్నానం చేసే చోటు కావాలనుకుంది. ఆ రెండూ ఇవ్వడానికి ఏ డాక్టరు సంతకమూ అక్కర్లేదు. మా సంతకం కూడా అక్కర్లేదు. ఒక తడిక కడితే సరిపోయేది.

పిల్లల ఒళ్ల గురించే ఇంకో సంగతి. కొందరు బిడ్డలు పుట్టుకతోనే ఆడా మగా అని తేల్చి చెప్పలేని ఒంటితో పుడతారు. ఇంటర్‌సెక్స్ అంటారు. అలాంటి పసిబిడ్డలకి, ప్రాణానికి ఏ ముప్పూ లేకపోయినా, ఏదో ఒక గడిలోకి తేవడానికి కోసి కుట్టడం ఆసుపత్రుల్లో మామూలుగా జరిగేది. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఇది తప్పంది. తల్లిదండ్రుల అంగీకారం బిడ్డ అంగీకారం కాదని చెప్పింది. ఆ తీర్పు గురించి చదివినప్పుడు మా స్టాఫ్ రూములో వినిపించే ‘ప్రకృతి’ వాదం తిరగబడి కనిపించింది. ప్రకృతి ఇచ్చిన ఒంటిని ముట్టకూడదనేవాళ్లు, ఈ పసిబిడ్డల మీద కత్తి పడినప్పుడు ఎక్కడున్నారు? బిడ్డని గడిలో ఇమిడ్చే కత్తి వాళ్లకి కత్తిలా కనపడలేదు.

సర్టిఫికెట్ల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మనం ఆదివాసులమని మనం చెబితే చాలదు. ఇంటిపేరు, గట్టు, దేవర, పెళ్లి తంతు అన్నీ అడుగుతారు. ట్రాన్స్ మనుషులకీ అలాంటి కాగితమే ఉంది. ఎవరి గుర్తింపు వాళ్లే చెప్పుకోవచ్చు, ఆపరేషన్ ఉండాలని పట్టుబట్టకూడదు అని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తర్వాత వచ్చిన 2019 చట్టం కలెక్టరు దగ్గర ధ్రువపత్రం పెట్టింది. అందులో ‘ట్రాన్స్‌జెండర్’ అని వస్తుంది. ‘స్త్రీ’ అనో ‘పురుషుడు’ అనో రావాలంటే వైద్యం చేయించుకున్నట్టు ఆసుపత్రి పెద్ద ఇచ్చిన కాగితం తేవాలంది. అంటే లక్షలు ఉన్నవాళ్లు స్త్రీ అవుతారు, లేనివాళ్లు కారు. మన తోటి ఉపాధ్యాయుడొకరు దీనికి అడ్డు చెప్పారు. నకిలీ సర్టిఫికెట్లతో మన ఉద్యోగాలు ఎన్ని పోయాయో చూశాం, విచారణ ఉండాలి కదా అని. మన విషయంలో ఉండాలనే మేమూ అంటాం, అక్కడ ఒకరి వాటా ఇంకొకరు లాక్కుపోతున్నారు కనుక. ఒక మనిషి తన ఒంటికి మందు అడిగితే ఎవరి వాటా పోతోంది?

రాజ్యం ఈ మనుషుల్ని రిజిస్టర్లలో రాసుకోవడం ఇవాళ్టిది కాదు. నిజాం కాలంలో 1329 ఫస్లీలో, అంటే 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం వచ్చింది. పోలీసులు వాళ్ల పేర్లు, చిరునామాలు రాసి పెట్టుకోవాలి, ఆడ బట్టల్లో వీధిలో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. నేరస్థ తెగలని మన అన్నదమ్ముల్ని రిజిస్టర్లలో రాసుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జూలై 6న కొట్టేసింది. నూరేళ్ల పైన నడిచింది.

మారలేదని కూడా అనలేం. 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు, ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్, ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. ప్రాచీ చదివింది ఆదిలాబాద్ రిమ్స్‌లో. ఆ ఫోటో పేపరు నుంచి కత్తిరించి తొమ్మిదో తరగతి గదిలో అంటించాం. రెండు రోజులకి ఎవరో దాని మీద మీసాలు గీశారు. మళ్లీ ఇంకోటి తెచ్చి అంటించాం. అది ఇప్పటికీ ఉంది.

భాష గురించి ఒక చిన్న మాట. మేము తెలుగు చెప్పేవాళ్లం కనుక అడ్డు రాకుండా చెప్పేస్తాం. ఈ మనుషుల్ని ఎలా పిలవాలో తెలియక తోటి ఉపాధ్యాయులు తికమకపడతారు. ‘వచ్చాడు’ అనాలా, ‘వచ్చింది’ అనాలా? గమనించండి, ఎదురుగా నిలబెట్టి మాట్లాడేటప్పుడు తెలుగుకి ఆ గొడవే లేదు. ‘నువ్వు వచ్చావా, తిన్నావా’ అంటే ఆడా కాదు మగా కాదు. ‘మీరు వచ్చారా’ అన్నా అంతే. ఒరేయ్, ఒసేయ్ మానేస్తే చాలు. ఆడ, మగ తేడా ఎక్కువగా వచ్చేది మనిషి అక్కడ లేనప్పుడు, వెనక మాట్లాడుకునేటప్పుడు. అప్పుడు ఆ మనిషి తనని ఏమనమంటే అదే అనండి.

మళ్లీ ఆమె దగ్గరికి. హైదరాబాద్‌లో నారాయణగూడలో 2021లో ట్రాన్స్ మనుషులే నడిపే క్లినిక్ ఒకటి తెరిచారు. హార్మోన్ల సలహా, రక్త పరీక్షలు, హెచ్ఐవీ మందులు, మనసు విప్పి మాట్లాడే చోటు అన్నీ అక్కడే. 2025 మొదట్లో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయం ఆపేయడంతో అది మూతపడింది. కొన్ని నెలలకి వేరే సాయంతో, కొత్త పేరుతో మళ్లీ తెరిచారు. ఎక్కడో ఒక దేశంలో పెట్టిన ఒక సంతకం, ఇక్కడ ఒక తలుపుకి తాళం. మధ్యలో ఆమె మందులు అయిపోయాయి. ఉన్నవి రోజు విడిచి రోజు వేసుకుని నెట్టుకొచ్చింది. “గడ్డం మళ్లీ గట్టిపడుద్దేమోనని అద్దం చూసుకోలేదు సార్, రెండు నెలలు,” అంది. ఆపరేషన్ చేయించుకుంటావా అని అడిగాం. అడిగాక అడగకూడదేమో అనిపించింది. ఆమె నవ్వి, “ఇంకా అనుకోలేదు సార్, అనుకున్నప్పుడు చూద్దాం,” అంది.

ఆమె వచ్చిన పని చదువు కాగితం కోసం. కాగితాల్లో పేరు మార్పించుకోవడానికి పాత ఆధారం ఉంటే మేలని ఎవరో చెప్పారట. బీరువా తీసి పాత రిజిస్టరు వెతికాం. ఆమె పేరు ఎదురుగా ఎర్ర సిరా గీత, తేదీ, పక్కన ‘కారణం’ గడి. ఆ గడిలో మా చేతి రాతతో ‘ఇంటి పనుల వల్ల’ అని ఉంది. ఆమె వంగి చదివింది.

“ఇంటి పనులా సార్?”

మేము ఏమీ చెప్పలేకపోయాం. కాసేపటికి, “జుట్టు విషయం గుర్తుందా?” అని మేమే అన్నాం. “గుర్తే,” అంది. ఇంకేమీ అనలేదు. క్షమించానని అంటుందేమోనని ఎదురుచూశాం. అనలేదు. అనాల్సిన పనీ లేదు.

కాగితం రిజిస్టరులో ఉన్న పేరుతోనే ఇవ్వాలి, అది నియమం. అలాగే రాశాం. కవరు మీద ఏ పేరు రాయాలో అడిగాం. చెప్పింది. ఆ పేరు రాశాం. తీసుకున్నట్టు రిజిస్టరులో సంతకం పెట్టాలి. మా చేయి అలవాటుగా పెన్ను వైపు వెళ్లింది. ఆమె ముందే తీసుకుంది. నెమ్మదిగా, అక్షరం అక్షరం, తన పేరు రాసింది. ఎనిమిదో తరగతిలో మేము సంతకం నేర్పిన పేరు కాదు అది.

“ఈ సంతకం ఎవరు నేర్పారు?” అని అడిగాం.

“ఎవరూ నేర్పలేదు సార్,” అంది. భద్రాచలం బస్సుకి టైమవుతోందని లేచింది.